దుక్కికొద్దీ పంట

దుక్కికొద్దీ పంట అని
నాలుగో తరగతిలో చూచిరాత పుస్తకం నిండా రాశాను.
చేతిరాత కుదిరింది. మాట మాత్రం
హోర్షమ్ దాటాక, ఎర్విన్ లోబ్నర్ గేటు దగ్గర
తడబడింది.

తొమ్మిదేళ్లుగా ఈ పొలంలో నాగలి దిగలేదు.
కోసిన గోధుమల కొయ్యకాళ్లు అలాగే నిలబడి ఉన్నాయి,
బండి వెళ్లిపోయినా ఇంకా చెయ్యి ఊపుతున్నవాళ్లలా.
వాటి సందున, సన్నగా చీల్చిన గాట్లలో
మైసూరుపప్పు మొలకలు.
గింజ పట్టేంత గాయం చాలునట నేలకు.

ఒక్క చెక్క మాత్రం, కంచె వెంట,
పన్నెండు మీటర్ల వెడల్పున,
ఏటా దున్నుతాడు.
పోల్చి చూడటానికి అంటాడు ఎర్విన్.
వాళ్ల నాన్న నాగలి తుప్పు పట్టకుండా
అంటుంది గ్లెనిస్.

నా పని మట్టిని గొట్టంతో తీయడం.
ట్రక్కు వెనక ఉక్కు గొట్టం నేలలోకి దిగుతుంది,
మీటరు పొడవు బూడిదవన్నె రేగడి
చెరకు గడలా నా ఒళ్లోకి వస్తుంది.
కణుపు కణుపుకీ కోసి, సంచుల్లో వేసి, చీటీ కడతాను.
దున్నని చోట భాస్వరమంతా పై నాలుగు వేళ్ల మందానే,
పాలమీద మీగడలా.
కిందంతా వెన్న తీసిన మజ్జిగ.
పైపొర ఎండిపోయిన ఏడు
వేరుకి ఆ మీగడ ఉండీ లేనట్టే.
ఈ మాట చెప్తే ఎర్విన్ తల ఊపాడు.
గోధుమ ధర పడిపోయిందన్నా అలాగే ఊపుతాడు.

ఆగస్టులో దున్నిన చెక్కే ముందు పచ్చబడింది.
కలియబెట్టిన నేల, దాచుకున్న నత్రజనిని
ఒక్కసారిగా విదిల్చింది, జీతం రోజు సాయంత్రంలా.
"చూశావా, నాన్న గెలిచాడు" అన్నాడు.
నేను పార తీసుకున్నాను. అటు పది మొక్కలు, ఇటు పది.
బకెట్లో కడిగాను, వేళ్లు కొంకర్లు పోయే నీళ్లలో.
దున్నిన వైపు వేర్లు బోసిగా ఉన్నాయి.
అడక్కుండానే వడ్డించే ఇంట్లో
పొయ్యి ఎవరు వెలిగిస్తారు?
ఇటు, కొయ్యకాళ్ల కింది ఆకలి నేలలో
వేరు వేరుకీ బుడిపెలు,
ఆవగింజంత, మిరియమంత.
ఒకదాన్ని గోటితో చీల్చాను.
లోపల గులాబీరంగు,
పసిపిల్ల చిగుళ్లలా.
గాలిని అన్నం వండుకునే సూక్ష్మజీవుల కాపురం.
ఎర్విన్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
చాలాసేపు చూశాడు.
"ఇన్నేళ్లుగా పండిస్తున్నాను,
దీని కడుపు ఎప్పుడూ చూడలేదు."

అక్టోబరులో వాన రాలేదు.
దున్నిన చెక్క నెర్రెలు విచ్చింది, నా పార పిడి పట్టేంత.
ఇటు గడ్డి తొలగించి వేలు పెడితే
ఇంకా కాస్త పదును.
మొక్కలు కొయ్యల్ని పట్టుకుని నిలబడే కాశాయి,
కాయ మన్నుకు తగలకుండా.

అలాగని పండగ కాదు.
ఎలుకలు ఆ గడ్డి కిందే పిల్లల్ని పెట్టాయి.
ఏ మందుకూ చావని రైగడ్డి,
నాగలుంటే వేళ్లతో సహా లేచిపోయేది,
దర్జాగా తల ఊపింది.
తూకంలో తేడా హెక్టారుకు రెండు బస్తాలు.
రిపోర్టులో 'స్వల్పంగా మెరుగు' అని రాశాను.

ఆ రోజు వంటింట్లో టీ తాగుతుంటే
షెల్ఫు మీద ఫొటో: నాగలికి అటొకడు, ఇటొకడు.
ఒకడు ఎర్విన్.
రెండో కుర్రాడెవరని అడగబోయాను.
గ్లెనిస్ బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపింది.
వాన, ధరలు, మోకాలి నొప్పి.
మాటలన్నీ పై నాలుగు వేళ్ల మందానే తిరిగాయి.
నేనూ కప్పు కడిగి బోర్లించి లేచాను.
తవ్వకపోవడం మర్యాదో, పిరికితనమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

వస్తుంటే సంచిలో నాలుగు దోసిళ్ల పప్పు పోసిచ్చారు.
రాత్రి వెల్లుల్లి చితక్కొట్టి తాలింపు వేశాను.
రెండో ముద్దలో పంటికింద మట్టిబెడ్డ.
తీసి కంచం అంచున పెట్టి,
అలవాటు కొద్దీ,
ఎంత లోతుదో అనుకున్నాను.