కాలువ కట్టేసిన నెల

ఏప్రిల్ సగం దాటాక
విజ్జేశ్వరంలో గేట్లు దించేస్తారు.
మూడు రోజులకి మా లాకుల దగ్గర మోకాలి లోతు,
వారానికి బురద.
పిల్లలు దిగి మట్టగిడసల కోసం చేత్తో తడుముతారు.
ఎవరిదో పాత సైకిలు చక్రం బయటపడుతుంది.

ఆ నెలలోనే నాకు గుండెపోటు వస్తుంది.
వరసగా నాలుగేళ్లు.

మొదటిసారి చించినాడ వంతెన మీద.
ఆటోలో ఆరుగురు, పైన రెండు అరటి గెలలు.
ఎడం చెయ్యి నాది కాకుండా పోయింది,
గొంతులో ఎవరో కొబ్బరి పీచు కుక్కుతున్నారు.
బండి పక్కకి లాగి
"దిగండి, నేను పోతన్నా" అన్నాను.
ఒకావిడ తన గొడుగు నా నెత్తిన పట్టింది.
ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు.

ఈసీజీ బాగుందన్నారు.
రెండోసారీ బాగుందన్నారు.
మూడో కాగితం చూసి మా ఆవిడ నవ్వింది, ఏడవలేక.
ఆర్ఎంపీ గ్యాసన్నాడు.
మా అత్త గాలి సోకిందని మొలతాడుకి తాయెత్తు కట్టింది.
స్టాండులో నా పేరు 'ఏప్రిల్ బాబాయి'.

భీమవరంలో డాక్టరమ్మ
గుండె మీద గొట్టం పెట్టలేదు.
"పానిక్ అంటారండి దీన్ని" అంది,
జలుబు పేరు చెప్పినంత తేలిగ్గా.
"చచ్చిపోతామనిపిస్తుంది. చచ్చిపోరు."
తర్వాత పెన్ను మూత పెట్టి అడిగింది:
"వేసవిలోనే ఎందుకు?"
ఎండకేమోనన్నాను.
"చిన్నప్పుడు వేసవిలో ఇంట్లో ఏం జరిగేది?"

ఏమీ జరగలేదండి.
మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
గేటు పక్కనే క్వార్టరు,
పడుకుంటే నీళ్లు మంచం కిందనుంచి పోతున్నట్టుండేది.
తలుపుల సందుల్లోంచి దూకే ఆ హోరుకి
అన్నం పెట్టమన్నా అరిచే చెప్పాలి.
ఆయన పోయి పన్నెండేళ్లు.
మంచి మనిషనే మోసుకెళ్లారు ఊళ్లోవాళ్లు.
ఏమీ జరగలేదండి

అని బయటికొచ్చి
బల్ల మీద మందుల చీటీ మడత పెడుతుంటే
వినబడింది.

హోరు ఆగిన రాత్రి.
గేరు తిప్పే ఇనప హాండిలు
గోడ దగ్గర్నుంచి తీసిన చప్పుడు.
మా అక్క పల్లాలు
తన జడ తనే నోట్లో కుక్కుకున్న చప్పుడు.
చప్పుడు కాదది,
చప్పుడు రాకుండా చూసుకోవడం.
నేను మంచం కింద పన్నెండో ఎక్కం చెప్పుకుంటున్నాను.
పన్నెండేళ్ల దగ్గర తప్పిపోయి
మళ్లీ మొదలు.
నాకప్పుడు ఎనిమిదేళ్లు.

నీళ్లున్న నెలల్లోనూ కొట్టేవాడే కదా.
నాకు వినబడలేదంతే.

ఆ రాత్రి సఖినేటిపల్లి ఫోన్ చేశాను.
చెప్పాను. చాలాసేపు ఏమీ లేదు,
వెనకాల గిర్రుమని ఏదో తిరుగుతోంది.
"నీకు తెలీదనుకున్నాన్రా" అంది అక్క.
ఇంకాసేపటికి,
"చలికాలంలో కూడా ఫ్యాను లేకపోతే నిద్రట్టదు నాకు.
మీ బావ దుప్పట్లు రెండు కప్పుకుంటాడు."
ఇద్దరం నవ్వాం.
నవ్వింది ఎందుకో ఇద్దరం అనుకోలేదు.

మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నాను.
తాయెత్తు తియ్యలేదు, మా అత్త బాధపడుతుందని.
ఈ వేసవిలోనూ వచ్చింది, రెండుసార్లు.
బండి ఆపి "రెండు నిమిషాలండి, భయం" అన్నాను.
గుండె అనలేదు.
ఎవరూ దిగిపోలేదు. ఒకాయన మాత్రం వాచీ చూసుకున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే స్కూలు పిల్లల్ని తీసుకెళ్తున్నా.
రొయ్యల చెరువు కాపలా గుడిసె దగ్గర
ఒక పిల్ల ఎక్కుతుంది, రెండో తరగతి.
రాత్రంతా అక్కడ ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి.
మాట వరసకి అడిగాను,
ఆ మోతలో నిద్రెలా పడతాదే అని.

"తిరిగితే పడతాదండీ" అంది,
జడ కొస కొరుకుతూ.
"కరెంటు పోతేనే."

బండి నెమ్మది చేశాను.