కొసరు

లీడ్స్‌లో మార్చి. కిటికీ అవతల వాన,
ఇవతల టేబుల్ మీద ధరల పట్టిక.
అసలు చికిత్స పై వరుసలోనే అయిపోయింది,
కింద ఉన్నవన్నీ కొసర్లు.
ఒక్కోదానికీ ఒక ఖాళీ గడి, ఒక రేటు.

మా అమ్మమ్మ వంకాయల వాడితో పోట్లాడి తెచ్చుకునేది కొసరు:
గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ.
డబ్బిచ్చి కొసరు కొన్నదాన్ని
మా వంశంలో నన్నే చూడాలి.

మొదటిది జిగురు.
పిండం గోడకి అంటుకోవడానికట.
శుభలేఖల కవర్లు అన్నం మెతుకుతో అంటించిన ఇంటి పిల్లని,
అంటుకోవడం గురించి నాకు తెలుసు.
మెతుకు మెత్తగా ఉండాలి,
ఆరేదాకా ఎవరూ కదపకూడదు.

తర్వాత గర్భసంచీ లోపల ఓ చిన్న గీకుడు.
విత్తే ముందు నేల గీరినట్టన్నమాట, అన్నాడు చక్రధర్,
పుట్టి బుద్ధెరిగి ఒక తోటకూర గింజ నాటని మనిషి.

ఆ పైన, చేతి నరంలోకి తెల్లటి చుక్కలు.
సోయా నూనె, గుడ్డు సొన అని సంచీ మీద రాసుంది.
గుడ్డు ముట్టని నేను రెండు గంటలు గుడ్డు తాగాను.
నోటితో కాదు కనక లెక్కలోకి రాదని
నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

"ఇవి పనిచేస్తాయా?"
డాక్టర్ ఫెన్‌విక్ అబద్ధమాడలేదు.
"చేస్తాయనడానికి సరైన ఆధారం లేదు" అంది.
అని, కలం నా వైపు జరిపింది.

నేను ఆడిటర్ని.
రసీదు లేని పది పౌన్లకి మనుషుల్ని నిలదీసేదాన్ని.
ఆధారం లేదన్న చోట ఎర్ర సిరా సున్నా చుట్టే చెయ్యి
అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టుకుంటూ పోయింది.
మూడోసారీ పోతే,
ఆ ఒక్క గడి వదిలేశావు కదా అని
రాత్రి రెండింటికి సీలింగు నాతో అనకూడదు.
సీలింగు నోరు మూయించడానికి పధ్నాలుగు వందల పౌన్లు.

అసలు కంటే వడ్డీ ముద్దంటారు మనవాళ్ళు.
అసలే ఇంకా చేతికి రాలేదు.

పిండం పెట్టిన తొమ్మిదో రోజు, శనివారం.
కిర్క్‌గేట్ మార్కెట్లో వంకాయలు తూచి
సంచీ మూతి ముడేయబోయి, ఆగి,
రెండు నిమ్మకాయలు పడేశాడు ముసలాయన.
"వీటికెంత?"
"ఏం లేదు లవ్, ఊరికే."
ఈ ఊళ్ళో బస్సు డ్రైవర్లు కూడా అలాగే పిలుస్తారు.

ఊరికే.
ఆ మాట విని ఎన్నాళ్ళయిందో.
సంచీని రెండు చేతులా పట్టుకుని,
కదపకుండా,
బస్టాపు దాకా నడిచాను.