మూడో మలుపు

అద్దె సైకిలు. హ్యాండిల్ టేపు ఎడమవైపు ఊడి
అరచేతికి బంక బంకగా.
బోసా దాటి పది కిలోమీటర్లు పోయేసరికి
రోడ్డు మీద నేనూ గాలీ మిగిలాం.
ఇక్కడ గాలికి పేరుంది, మాయెస్త్రాలే.
పేరు పెట్టి తిట్టినా పక్కకి తప్పుకోదు.

ఎడమన సముద్రం. నీలం అనబోయి ఆగాను.
రాళ్ల దగ్గర సోడా సీసా అడుగు రంగు,
అవతల బడిలో సిరాబుడ్డి ఒలికిన రంగు.
పైన రాబందులు రెండు, రెక్క కదపకుండా.
నాకోసమేనా అని అడిగాను,
ఊపిరి చాలక, మనసులోనే.

ఇరవై రెండో కిలోమీటరు దగ్గర
వెనక చక్రం ఉస్సురంది.

మేకల దొడ్డి పక్కన రాతి గది. ముందు నీడలో
బకీజియో, డెబ్బై దాటిన మనిషి,
కాలు మీద కాలు వేసుకుని నన్ను చూస్తున్నాడు,
ఆలస్యంగా వచ్చిన బస్సుని చూసినట్టు.
నాకు వాళ్ల భాషలో పదకొండు మాటలొచ్చు,
అందులో నాలుగు అంకెలు.
చక్రం చూపించాను. అంకెలతో పని పడలేదు.

బొనారియా ఎనామెల్ బేసిన్‌లోంచి
నానేసిన తెల్ల చిక్కుడు గింజల్ని దోసిళ్లతో తోడి
కొంగు లాంటి ఏప్రన్‌లో పోసుకుని
నీళ్లు మా ముందుకి జరిపింది.
అతను ట్యూబుని ముంచి తిప్పాడు, మెల్లగా,
జపమాల తిప్పినట్టు.
ఒకచోట బుడబుడ.
పొద్దుటి నుంచి నా గుండెల మీద గుద్దిన గాలే,
ఇంతేనా నువ్వు, ఆవగింజంత!

అతికించి, ఆరనిచ్చి, గోడకి ఆనించిన
తుప్పు సైకిలు ఒకటి చూపించాడు.
భుజానికి సంచి తగిలించుకున్నట్టు నటించి
గాలిలో ఉత్తరాలు పంచాడు.
ఒక ఉత్తరం బరువుగా పట్టుకున్నాడు, డబ్బున్నది.
ఒకటి తేలిగ్గా, వట్టి కబుర్లది.
ఎగుడు దగ్గరికొచ్చేసరికి
రెండు చేతులూ ఒకేలా కిందికి కుంగాయి.

ఒలికిన నీళ్లలో వేలు తడిపి
బండ మీద దారి గీశాడు:
ఒక మలుపు, ఇంకొకటి, మూడోది.
అక్కడ ఆగి, అరచేయి కిందికి వంచి,
తల అడ్డంగా ఊపి, "బుజియా" అన్నాడు.
నా పదకొండు మాటల్లో లేదది.
డబ్బులివ్వబోతే జేబు మూసి
జేబు మీద రెండు తట్లు తట్టాడు.

మూడో మలుపు తిరిగాను. ఎదురుగా దిగుడు.
కళ్లారా దిగుడు. తొక్కడం మానేసి నిక్కి కూర్చున్నాను.
సైకిలు ఆగిపోయింది.
కొండ అలా వంగి, సముద్రం ఇలా ఒరిగి
కంటిని మోసం చేస్తున్నాయి.
కంటికి దిగుడు, పిక్కలకి ఎగుడు.
ఓహో, అబద్ధమా అది!
పన్నెండో మాట తొడలతో నేర్చుకున్నాను.
నవ్వొచ్చింది, నవ్వితే ఆయాసం, మళ్లీ నవ్వు.

మర్నాడు అల్గేరో నుంచి వెనక్కి వస్తే
అదే చోటు ఇటువైపు నుంచి ఎగుడులా నిలబడింది.
పళ్లు బిగించి గేరు మార్చుకున్నాను.
అది నన్ను ఎత్తుకుని జారుడుబల్ల మీద వదిలినట్టు
కిందికి వదిలేసింది.

ఆ సంగతి అతను చెప్పలేదు.
ఖాళీ సంచితో ఇంటికొచ్చే మనిషికి
అదొక చెప్పాల్సిన సంగతి కాదేమో.
దొడ్డి దగ్గర బెల్లు కొట్టాను.
ఎవరూ లేరు. గోడ మీద
బేసిన్ బోర్లించి ఉంది, ఎండలో.