గోగుకి మూడు షిఫ్టులు

పొద్దున్న ఐదున్నరకి మిల్లు కూత రాదు.
అయినా దీని చెవి ఒకటి లేస్తుంది.
రెండోది గోనెపట్టాలోనే పడుకునుంటుంది.

పేరు గోగు.
నానబెట్టి, ఒలిచి, దండెం మీద ఆరేసిన
గోగునార రంగు ఒళ్ళు.
రెండో గేటు బయట లారీ టైరు పక్కన దొరికింది,
నా అరచేతికన్నా చిన్నది.
అప్పటికి నాకు జీతం ఉండేది.

పుష్యమాసం.
చంపావతి మీద లేచిన మంచు
నెల్లిమర్ల క్వార్టర్స్ సందుల్లోకి
టికెట్టు లేనివాడిలా చొరబడి
ఏ గుమ్మం ముందూ నిలవకుండా తిరుగుతుంది.
పడుకోనిస్తే గోగు మధ్యాహ్నం దాకా పడుకుంటుంది.
లేస్తే వెనక కాళ్ళు
తుప్పు పట్టిన మడతబందులు,
నాలుగడుగులు గీరుకుంటూ నడిచాక గానీ కదలవు.
ఇక కాళ్ళకి లేని పనంతా పళ్ళకి.
పోలమ్మవి రెండు జతలు, నాదొక ఒంటి చెప్పు,
రొంగలి అప్పన్న మఫ్లరు, సగం.

మఫ్లరు పట్టుకుని తగువుకొచ్చాడు అప్పన్న.
"కుక్కకేటైనా పని సెప్పరా,
నేకపోతే ఈధంతా నమిలేస్తాది."
పని.
తాళం పడిన మిల్లు గోడ కింద ఆ మాట విని
ఇద్దరం నవ్వాం.
నవ్వు మధ్యలో
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఆగాం.

సరే, గోగుని పన్లో పెట్టాను.

ఏ షిఫ్టు ఎండ గుమ్మం తాకాకే మొదలు.
మంచులో తోలుకుపోతే దగ్గు నాకు, కుంటు దానికి.
ముందు గోనెగుడ్డతో దాని తొడలు రుద్దుతాను,
మగ్గం మీద దుమ్ము తుడిచినట్టు,
పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి.
అది కళ్ళు మూసుకుని సూపర్‌వైజర్‌లా ఒప్పుకుంటుంది.
ఆ తర్వాత ఏటి ఇసక.
మూడు పాయలు అల్లి నేనే కట్టిన నారముడి
దూరంగా విసురుతాను.
వేళ్ళు మర్చిపోలేదు,
ముడి బిగిసేచోట బొటనవేలు తనంతటదే మలుచుకుంది.
గోగు పరిగెత్తి తెస్తుంది,
ఇవ్వదు.
లాగుతాను, లాగుతుంది,
పలాస ప్యాసింజరు వంతెన దాటేదాకా లాగుతాం.
ఎవరు గెలిచారో చూడ్డానికి
కొంగలు తప్ప ఎవరూ లేరు.

బీ షిఫ్టు ఎండలో నిద్ర. ఇద్దరిదీ.

సీ షిఫ్టు ఇంట్లోనే.
తలుపేసి, కిటికీ సందులో గోనె కుక్కి,
పదకొండు కొబ్బరి చిప్పలు బోర్లిస్తాను.
ఒకదాని కింద ఎండు నెత్తళ్ళు.
గోగు ముక్కుతో చదువుకుంటూ పోతుంది,
అక్షరం అక్షరం కూడబలుక్కుని
ఏడో చిప్ప దగ్గర తోక ఆడిస్తుంది.
పోలమ్మ కుక్కపిచ్చిదేం కాదు.
కానీ మూడోరోజు నుంచి దొంగాట మొదలెట్టింది:
నేను వెనక్కి తిరిగేలోగా చిప్పలు మార్చేస్తుంది,
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.
ఎన్నాళ్ళయిందో ఆ కొంగు నవ్వుకి పనికొచ్చి.

ఒకరాత్రి నెత్తళ్ళు అయిపోయాయి.
సంత ఇంకా రెండ్రోజులుంది.
గోగు చిప్పల ముందు కూర్చుంది, డ్యూటీకొచ్చినట్టు.
ఏం పెట్టాలో తోచక
ట్రంకు పెట్టె అడుగునుంచి తీసి
నా ఇత్తడి బిళ్ళ పెట్టాను. నంబరు పదకొండొందల నలభైమూడు.
దాన్లో ఏం వాసనుంటుంది?
నూనె, చెమట ఆరిపోయి నాలుగేళ్ళు.
నేనైతే పోల్చుకోలేను.

గోగు మొదటి చిప్ప దాటింది. రెండోది దాటింది.
నాలుగో దాని దగ్గర ఆగి
చిప్ప ఎత్తలేదు.
నా వంక చూసి, మళ్ళీ చిప్ప వంక చూసి
దాని మీద గడ్డం ఆనించి పడుకుంది.
పోలమ్మ దీపం కొంచెం తగ్గించింది.
ఎవరమూ ఏం మాట్లాడలేదు.

పొద్దున్న చెవులు రెండూ లేచాయి.
నన్ను లేపింది అదే,
చెయ్యి నోట కరుచుకుని, నొప్పి పెట్టకుండా.
తలుపు తీస్తే మంచులో అప్పన్న,
చెవులు ఎర్రబడి,
చేతిలో మఫ్లరు మిగతా సగం.
"ఇదీ దానికే ఇచ్చీరా.
ముడేసి ఆడించు," అన్నాడు.
పోలేదు.
గుమ్మం పక్కన అరుగు మీద కూర్చుని
"ఎండెప్పుడొస్తాది?" అన్నాడు,
గోగుని.