నాలుగు వేళ్ళ తెలుపు

ఈ పడవ కింద నీళ్ళు లేక ఏడేళ్ళు.
అయినా ప్రతి ఆగస్టులో సతుర్నినో
దాని అడుగుకి తారు పూస్తాడు.
ఎందుకని మేమెవరం అడగలేదు.
మేం వచ్చింది మట్టి కోసం.

బొలీవియా పీఠభూమి, పన్నెండువేల అడుగుల ఎత్తు.
ఉప్పు పేరుకున్న సరస్సు మీద బూటు ఆనిస్తే
అప్పడం విరిగిన చప్పుడు.
పైపు రెండు జానలు దిగి మొండికేసింది.
మా సుత్తి పిడి ఊడింది.
అప్పుడు ఆయన ఇంట్లోంచి పడవ గడ తెచ్చాడు,
ఈ నీళ్ళ లోతు రెండు నిలువులున్న రోజులెరిగిన గడ.
దాన్ని పైపు నెత్తిన అడ్డంగా కట్టి
నలుగురు మగాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు
ఒళ్ళంతా వేసి వేలాడారు.
ఒకప్పుడు పడవని ముందుకి నెట్టిన గడ
ఇప్పుడు మమ్మల్ని వెనక్కి నెట్టింది
సెంటీమీటరుకి ఇరవై ఏళ్ళ చొప్పున.

ప్రయోగశాలలో పైపుని నిలువునా చీల్చాం.
నల్లగా, తుంగ కుళ్ళిన వాసనతో ఒక మంచి కాలం.
బూడిదరంగులో, ఏమీ పైకి చెప్పుకోని కొన్ని తరాలు.
వాటి నడుమ తెలుపు,
జిప్సమూ ఉప్పూ,
నా చెయ్యి ఆనించి చూశాను, నాలుగు వేళ్ళ మందం.

నా పని ఆ మట్టిలోంచి గుల్లలు ఏరడం.
నువ్వుగింజని నాలుగు చేస్తే అందులో ఒక ముక్కంత.
రెండు తలుపుల ఇల్లు.
లోపల కాపురమున్న ప్రాణి
తను ఈదిన నీటినే గోడగా కట్టుకుంది.
తడి కుంచె కొసతో ఒక్కొక్కటీ ఎత్తుతాను.
తుమ్మొస్తే పాతికేళ్ళు ఎగిరిపోతాయి.
ఒకసారి పోయాయి. ఎవరికీ చెప్పలేదు.

నీటిలో ఆక్సిజనంతా ఒక్క బరువు కాదు.
ఎండ కాస్తే తేలికది ముందు లేచిపోతుంది,
బరువుది అడుగునే ఉండిపోతుంది.
గుల్లలో బరువుది పెరిగిందంటే
ఆ కాలాన ఆకాశం బాకీ పడిందని లెక్క.

మరుసటేడు ఆ లెక్క పట్టుకుని వెళ్ళాను.
దుమ్ములో పుల్లతో బొమ్మ గీసి చెప్పాను.
సతుర్నినో నవ్వాడు.
"మా దగ్గర అలా కాదమ్మా.
తేలికవాళ్ళం మిగిలాం.
అప్పు బరువున్నవాళ్ళే ముందు లేచిపోయారు,
ఉప్పు మళ్ళకి, ఒరూరోలో ఇటుకలు మొయ్యడానికి."
నా పట్టికలో దానికి గడి లేదు.

కీన్వా జావ కలుపుతూ ఎలెవ్టెరియా అడిగింది,
"పోయినసారి ఎన్నాళ్ళకొచ్చాయి నీళ్ళు?"
నాలుగు వేళ్ళు చూపించాను.
ఆమె గరిటె పక్కన పెట్టి
తన నాలుగు వేళ్ళూ నా వేళ్ళ పక్కన ఆనించింది.
వల తాళ్ళకి కాయలు కాసి ఉబ్బిన వేళ్ళు,
నావాటికంటే ముప్పై ఏళ్ళు ఎక్కువ.
"నీ చేత్తోనా, నా చేత్తోనా?" అంది.

"మరి ఈ ఏడేళ్ళు ఎంత మందం?"
ఇంకా పొర కాలేదు, అన్నాను.
బయట గాలి లేచి
సరస్సుని గుప్పెళ్ళతో ఎత్తుకుపోతోంది.
మిగతాది ఆమెకి చెప్పలేదు.
నీళ్ళున్నంతసేపే సరస్సు రాసుకుంటుంది.
పూర్తిగా ఎండాక
రాసినదాన్ని కూడా గాలికి ఇచ్చేస్తుంది.
అన్నిటికన్నా పెద్ద కరువు
మా పైపులో ఒక కత్తిగాటంత గీత.
ఆ గీతలో ఎన్నేళ్ళు జారిపోయాయో
ఏ త్రాసుకీ తెలియదు.

తిరిగి బయల్దేరే ముందు
నిరుడు మేం తవ్విన రంధ్రం వెతికాను.
గుర్తుగా పాతిన ఇనపచువ్వ ఉంది, రంధ్రం లేదు.
బంకమట్టి కూరి, మడమతో తొక్కి,
పైన అరచెయ్యంత మేర
నల్లగా తారు.

"నీళ్ళొచ్చాక ఇక్కణ్ణించి కారిపోకూడదు కదా,"
అన్నాడు సతుర్నినో.
పడవకి పూయగా మిగిలిందట.