ముప్పై నాలుగు

ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుడు కాడ
పొద్దుగాల ఎనిమిదింటికి
సారు చాయ్ తాగ పోయిండు.
స్పీడ్ గన్ను నా చేతులవెట్టి
"ఊకె పట్టుకో రాజలింగం, ఏం నొక్కకు" అన్నడు.

నేను హోంగార్డును.
నొక్కద్దన్నది నొక్కే అలవాటు లేదు.
కానీ దిగుడు మీదికెళ్లి
ఓ సైకిలు దూకుకుంట వస్తున్నది -
క్యారియర్ మీద రేకు పెట్టె,
హ్యాండిలుకు తాళంచెవుల గుత్తులు,
అవి మోగుడే దానికి బెల్లు.
వేలు దానంతట అదే ఒత్తింది.

ముప్పై నాలుగు.

బోర్డు మీద ముప్పై.

నవ్వొచ్చింది. చెయ్యెత్తిన.
బ్రేకులు కీసుమన్నయి, చెప్పు రోడ్డుకు రాసుకుంట వచ్చి
నా బూటుకు బెత్తెడు దూరంల ఆగిండు ఓదెలు,
కాశిబుగ్గ నుంచి కాజీపేట దాక
తాళాలు బాగుచేసే ఓదెలు.
మిల్లుకు తాళం పడ్డంక నేర్చిన పని అది.
డెబ్బయ్యొక్క ఏండ్లు.
గుండె కొట్టుకునుడు అంగీ మీదికే కనవడుతున్నది.

"ఎంతున్నది?"
"ముప్పై నాలుగు."
అరే, ఆ మొఖం చూడాలె,
పదో తరగతి పాసైన పోరని మొఖం.
"రాయి మరి" అన్నడు.

ఏం రాయాలె?
మిషను బండి నంబర్ అడుగుతది,
నంబర్ కొట్టంది కిందికి జరగదు.
"నీకు చలాన్ రాదు పెద్దయ్యా. పో, పైలంగ పో."

పోలే. స్టాండేసిండు.

"నా హ్యాండిలుకు బిళ్ళ ఉండె సారూ,
మున్సిపాలిటోళ్లు ఏడాదికోటి ఇచ్చేది.
రాత్రి షిఫ్టు విడిస్తే
రోడ్డు పొడుగూత డైనమో దీపాలే.
దీపం లేకుంటె జమాదారు గాలి తీసి
వాల్వు జేబులేసుకునేటోడు.
ఇద్దరెక్కితె పట్టుకునేటోడు.
రెండు రూపాలు కట్టిన నేను, నయీంనగర్ కాడ.
తిట్టుకుంటనే కట్టిన.
ఇప్పుడో?
ఎర్రలైటు పడితె ఆగుత,
ఎందుకాగినవని వెనకున్నోడు తిడతడు.
వాడికి నేను రోడ్డు మీది గుంతను.
తిప్పుకొని పోతడు, అంతే."

నేనేం మాట్లాడలే.
పోయిన వానకాలం సుబేదారిల
ఓ రాత్రి టార్చి పట్టుకుని నిలవడ్డ.
సైకిలు చక్రం జంతిక లెక్క చుట్టుకున్నది.
రాసే సారు కాగితం మీద
నడుస్తున్న మనిషి అని రాసిండు.
నడుస్తలేడు సార్, అందామనుకున్న.
టార్చి సక్కగ పట్టు, అన్నడు.

జేబుల డ్యూటీ బుక్కు తీసిన.
ఓ కాగితం చింపి రాసిన:
ఓదెలు. సైకిలు. ముప్పై నాలుగు.
"టైమెయ్యి" అన్నడు. ఏసిన.
"సంతకం?" పెట్టిన.
"ఎంత కట్టాలె?"
"ముసలోడివి, దిగుట్ల తొక్కకు. అదే జుర్మానా."
"తొక్కలే బిడ్డా," అన్నడు, కాగితం మడుచుకుంట,
"బ్రేకు పట్టలే అంతే."

సారొచ్చిండు, మీసానికి చాయ్ మీగడ.
గన్ను చూసి, "ఈ ముప్పై నాలుగు ఎవడిది?"
"ఎవ్వలిది కాదు సార్."
అన్నంక నాలుక కొరుక్కున్న.

తెల్లారి మళ్లొచ్చిండు, అదే దిగుడు, అదే మోత.
గన్ను సారు చేతిలున్నది. సారు లేపలే.
ఓదెలు కుడిచెయ్యి చాపిండు,
బడిల నేర్పినట్టు, నిటారుగ,
కుడికి మళ్లాలెనని.
వెనక ఇసుక లారీ హారన్ మీదున్నది.

నేను నడిమిట్లకు పోయి
లారీకి అరచెయ్యి అడ్డం పెట్టిన.
ఏ సెక్షన్ కిందనో నాకు తెల్వది.