బేస్తవారం కట్ట

మెడ్రాసు బస్సులో బేస్తవారం దిగుతాది కట్ట.
నాలుగుకాళ్ళ మండపం కాడ దస్తగిరి
పురికొస పళ్ళతో కొరికి తెంపుతాడు.
ఆ పొద్దు నాకు వారం సెలవు.
కొనేంత లెక్క లేదు. రోజుకి పది రూపాయలు బాడిగ,
పేజీ మడిస్తే ఇంకో ఐదు.
మా కౌశిక్‌ గాడికని చెప్పి తెస్తాను,
వాడు లేచేలోగా నేనే చదివేస్తాను.

ఈ వారం నాలుగొచ్చినాయి.

ఉక్కుడేగ, నూట పన్నెండో సంచిక.
ఊరు మళ్ళీ కూలిపొయ్యింది.
పోయిన నెల కట్టిన వంతెనే, రంగు కూడా ఆరలేదు.
బొమ్మలు బాగుండాయి, కాదనను.
అద్దాలు పగిలే తావ
ఒక్కో పెంకూ లెక్కబెట్టి గీసినాడు మహానుభావుడు.
ఆ పెంకులు ఊడ్చేదెవురో మాత్రం
నూట పన్నెండు పుస్తకాల్లో ఒక్క గడిలోనన్నా చూపించినాడా?
ఒక చీపురు.
ఒక్కటంటే ఒక్క చీపురు.

పిడుగు కవలలు, మూడో భాగం. ఎనిమిది భాగాలంట.
ఘాట్ రోడ్డు మాదిరి ఒక మలుపైతే ఇంకో మలుపు,
కడుపులో తిప్పడమే గానీ కొండ కనపడదు.
అన్న తమ్ముణ్ణి లోయలోకి తోసినాడా లేదా,
తరువాయి వచ్చేవారం.
వచ్చేవారం నాకు రాత్రి డ్యూటీ.
చావనీ.

శూన్యబాల కొత్తది, మొదటి సంచిక.
పదమూడేళ్ళ పిల్ల,
ఊపిరి బిగబడితే కనపడకుండా పోతాది.
ఫైటింగే లేదు, అమ్ముడుపోదని దస్తగిరి పెదవి విరిచినాడు.
నన్ను పట్టుకునింది ఇదే.
కనపడకపోవడం కూడా ఒక శక్తేనని ఈ పొద్దే తెలిసె.
పద్దెనిమిదేళ్ళుగా కల్యాణకట్టలో
నా ముందర కూచున్నోళ్ళంతా తల వంచుకున్నోళ్ళే,
నా మొగం చూసినోళ్ళని వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు.
తొమ్మిదో పేజీలో ఆ పిల్ల అమ్మ పక్కనే నిలబడుంటాది,
అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి
వాకిలి తట్టు చూస్తా ఉంటాది.
ఆ పేజీలో ఒక్క మాట లేదు.
గీసినోళ్ళ పేరు చీమ తలకాయంత వేసినారు,
కండ్లద్దాలు పెట్టుకున్నా అందలేదు.

నాలుగోది పెనుగాలి. నా కొట్లాటంతా దీంతోనే.
శత్రువు గుండోడు.
మళ్ళీ.
పోయిన వారం గుండోడే, అంతకు ముందు వారమూ గుండోడే.
ఎవురు చెప్పినారప్పా వీళ్ళకి,
నున్నటి తలలో విషముంటాదని?
ఒకసారి మా ఊరికి రమ్మనండి.
బస్టాండులో నిలబడి చూడమనండి,
గంధం పూసుకోని, ఎండకి చెయ్యడ్డం పెట్టుకోని
జామకాయలు బేరమాడే వెయ్యిమంది దుర్మార్గుల్ని.
పళ్ళు రాని పసిబిడ్డల్ని,
ఆసుపత్రి నుంచి బతికొచ్చిన ఆడోళ్ళని.
పైగా ఆ గొరుగుడేంది?
చెవి వెనక ఇంత నలుపు వదిలేసినారు.
మా తావ అట్ల చేస్తే మేస్త్రీ ఊరుకుంటాడా.

ఇంక నాయకుడు.
పేరుకే పెనుగాలి,
సముద్రంలో పడినా అగ్గిలో దూకినా
నొసటి మీద ఆ ఒక్క పాయ కదలదు.
జన్మలో ఎవురికీ మొక్కుకోలేదేమో.
కావాల్సినోళ్ళు చావుబతుకుల్లో ఉండాక
ఇది తీసుకో సామీ, అది వదిలెయ్ అని
అర్ధరాత్రి బేరమాడినోడి మొగం కాదది.
నా ముందర కూచుంటే
అందరికీ చెప్పేదే వానికీ చెబుతా:
తల తడుపుకో నాయనా.
వంచు.
ఇంకా రొంత వంచు.

కౌశిక్ గాడు లేచి ఎట్లుండాయిమా అన్నాడు.
శూన్యబాల చదువు, మిగతావి బొమ్మలు చూస్తే చాలన్నాను.
వాడు ముందు ఉక్కుడేగే తీసినాడు.
సరే.

సాయంత్రం దస్తగిరి ఒక్కో పేజీ తిప్పి చూసినాడు.
మడత లేదు.
పెనుగాలి పదిహేడో పేజీలో
మూరెడు వెంట్రుక.
నా కొంగుకంటుకోని వచ్చింటాది,
ఏ ఊరామె మొక్కో.
రెండు వేళ్ళతో తీసి దీపానికడ్డం పట్టినాడు.
ఎవురిదమ్మా ఇది?

శత్రువుదైతే కాదులే, అన్నాను.